గాంధారం ఎక్కడ ఉంటుంది?

తంబురాకు తీగలు నాలుగు. పంచమానికి ఒకటి, షడ్జానికి సారణి, అనుసారణి అని రెండు, మంద్రానికి ఒకటి. గాంధారానికి తీగ లేదు. అయినా శ్రుతి బాగా కలిసిన తంబురా ముందు కాసేపు కూర్చుంటే, మంద్రం మోగి అణగబోయే వేళకు గాంధారం పైకి తేలి వినపడుతుంది. ఎవరూ మీటలేదు, ఎవరూ పాడలేదు, కానీ ఉంది. అందుకే దాన్ని స్వయంభూ గాంధారం అంటారు. సంగీతం నేర్చుకునే పిల్లలకు సరళీ స్వరాల కంటే ముందు ఈ గాంధారాన్ని వినిపించాలని నా కోరిక. చెవికి అది ఒకసారి పట్టుబడితే చాలు, లోకంలో గాంధారాలు ఎన్ని ఉన్నాయో, ఎవరు దాన్ని ఎక్కడ నిలబెట్టారో, ఎందుకు నిలబెట్టారో తెలుసుకోవాలన్న ఆకలి పుడుతుంది. నాకు అలాగే పుట్టింది.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పక తప్పదు. షడ్జం 240 హెర్ట్జ్ దగ్గర పెట్టుకున్నామనుకుందాం. ఆ తీగ ఒక్క 240 దగ్గరే మోగదు. దానితోపాటే 480, 720, 960, 1200 కూడా సన్నగా మోగుతూ ఉంటాయి. 480, 960 పైస్థాయి షడ్జాలే. 720 పంచమం. అయిదో అనుస్వరమైన 1200 గాంధారం. దాన్ని రెండు స్థాయిలు కిందికి దించితే 300 అవుతుంది. అంటే షడ్జం నాలుగుసార్లు కంపించే వ్యవధిలో గాంధారం అయిదుసార్లు కంపిస్తుంది. తంబురా గుర్రం మీద తీగ కింద సన్నని దారం పెట్టి, అటూ ఇటూ వెంట్రుకవాసి జరుపుతూ జీవం పట్టే శ్రమంతా ఈ పై స్వరాలు తేటగా వినపడడం కోసమే.

ఇప్పుడు కీబోర్డు మీద అదే షడ్జానికి గాంధారం నొక్కితే వచ్చేది 300 కాదు, 302.4. తేడా రెండున్నర హెర్ట్జ్ కూడా లేదు. బ్రిటిష్ పండితుడు అలెగ్జాండర్ ఎల్లిస్ 1885లో ప్రచారంలోకి తెచ్చిన సెంట్ల కొలతలో చెప్పాలంటే 14 సెంట్లు. అర స్వరానికి 100 సెంట్లు కాబట్టి అందులో ఏడో వంతు. ఇంత చిన్న తేడా వినపడుతుందా అని అడిగేవాళ్ళుంటారు. ఒంటరిగా వాయిస్తే చాలామందికి వినపడదు. తంబురా మోగుతూ ఉండగా వాయిస్తే మాత్రం తీగలోని 1200తో కీబోర్డు గాంధారం నాలుగో అనుస్వరమైన 1209.5 ఢీకొంటుంది. ఆ రెండింటి మధ్య సెకనుకు తొమ్మిది పదిసార్లు ధ్వని పెరిగి తగ్గుతూ ఒక గరుకు పుడుతుంది. భౌతికశాస్త్ర పాఠాల్లో వాటిని విస్పందనాలు అంటారు. చెవికి ఆ పేరు అక్కర్లేదు. నునుపు ఎక్కడుందో, గరుకు ఎక్కడుందో దానికి తెలుసు.

మరి కీబోర్డు చేసినవాళ్ళకు ఇది తెలియదా? తెలుసు. తెలిసే అలా పెట్టారు. కారణం అర్థం కావాలంటే ఒక గ్రహభేదం చేసి చూడాలి. 240 నుంచి గాంధారం 300. ఆ 300నే షడ్జం చేసి దానికి గాంధారం చూస్తే 375. దాన్ని మళ్ళీ షడ్జం చేస్తే 468.75. కీబోర్డు మీద ఇలా మూడుసార్లు గాంధారం మెట్టెక్కితే సరిగ్గా తారషడ్జం మీదికి చేరాలి, అంటే 480కి. 11 హెర్ట్జ్‌ల పైన తక్కువ పడింది. మూడు స్వచ్ఛమైన గాంధారాలను పేరిస్తే స్థాయి పూర్తికాదు. పంచమాలది దీనికి ఎదురు కథ. పన్నెండు స్వచ్ఛమైన పంచమాలు ఎక్కితే ఏడు స్థాయిలు నిండి ఇంకా కాస్త మిగిలిపోతుంది. 128 రెట్లు రావలసింది 129.7 రెట్లు వస్తుంది. రెండుతో భాగహారం, మూడుతో భాగహారం, అయిదుతో భాగహారం ఎప్పటికీ ఒకచోట కలవవు. ఇది ఎవరి తప్పూ కాదు, సంఖ్యల స్వభావం. ఏ మెట్టునైనా షడ్జం చేసుకుని వాయించే వీలు కావాలంటే, ఈ లోటును ఎవరో ఒకరు భరించాలి. సమభాగ పద్ధతి దాన్ని పన్నెండు మెట్లకూ పంచేసింది. పంచమాలు రెండేసి సెంట్లు తగ్గి పెద్దగా నష్టపోలేదు. గాంధారం మాత్రం 14 సెంట్లు సాగి ఎక్కువ మూల్యం చెల్లించింది.

ఆ లెక్కను చైనాలో మింగ్ వంశపు రాకుమారుడు ఝూ జైయూ 1584 నాటికే ఎన్నో అంకెల దాకా కచ్చితంగా కట్టాడు. ఐరోపా అప్పటికి వేరే దారిలో ఉంది. అక్కడివాళ్ళు గాంధారాన్ని వదులుకోవడానికి ఒప్పుకోలేదు. దాదాపు రెండు శతాబ్దాల పాటు వాళ్ళ ఆర్గన్లలో, హార్ప్‌సికార్డుల్లో గాంధారాలను స్వచ్ఛంగా ఉంచి, పంచమాలను కొద్దిగా కుదించేవారు. దాన్ని మీన్‌టోన్ అన్నారు. పన్నెండు మెట్లలో ఎనిమిదింటికి గాంధారం తంబురాలో వినిపించినంత తియ్యగా కుదిరేది. మిగతా నాలుగింటి జోలికి ఎవరూ వెళ్ళేవారు కారు. ఒక మూల మిగిలిపోయిన పంచమం తోడేలులా అరుస్తుందని దానికి తోడేలనే పేరు పెట్టారు. ఇంగ్లండులో కొన్ని చర్చి ఆర్గన్లు పంతొమ్మిదో శతాబ్దం మధ్యదాకా ఇదే శ్రుతిలో మోగాయి. ఈనాడు ఎవరో ఆ శ్రుతి కట్టి పాత స్వరరచనలు వాయించిన రికార్డులు వింటే, ముగింపు స్వరసమూహాలు అంత నిశ్చలంగా ఎలా నిలబడుతున్నాయా అనిపిస్తుంది. గాంధారం వల్లే.

తోడేలును తరమడానికి మెట్లు పెంచినవాళ్ళూ ఉన్నారు. ఇటలీలో నికోలా విచెంతీనో 1555లో అచ్చువేసిన పుస్తకంలో స్థాయికి 36 మెట్లున్న వాద్యాన్ని వర్ణించాడు. డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ 1691లో స్థాయిని 31 సమభాగాలు చేయమన్నాడు. అందులో గాంధారం 300.1 దగ్గర పడుతుంది, అంటే తంబురా గాంధారానికి ఒక సెంటు కూడా దూరం లేదు. ఆ మాట మూలనపడి ఉండగా, ఇరవయ్యో శతాబ్దంలో ఆద్రియాన్ ఫాకర్ అనే భౌతికశాస్త్రవేత్త దాన్ని మళ్ళీ చదివి 31 భాగాల ఆర్గన్ కట్టించాడు. 1950లో దాన్ని హార్లెం పట్టణంలోని టైలర్స్ మ్యూజియంలో నెలకొల్పారు. రెండున్నర శతాబ్దాల పాటు కాగితం మీద ఎదురుచూసిన గాంధారం అది.

సమభాగ పద్ధతి మీద నాకు కోపం లేదు. ఒక పాటలోనే షడ్జాన్ని పదిచోట్లకు మార్చుకుంటూ పోయే సంగీతం ఆ పద్ధతి లేకపోతే ఇప్పుడున్న రూపంలో పుట్టేది కాదు. నా బాధ వేరే ఉంది. ఒక సంగీతం తన అవసరానికి చేసుకున్న ఒప్పందం, ఆ అవసరం లేని సంగీతాలకు కూడా ప్రమాణమైపోయింది. మన కచేరీలో షడ్జం మారదు. రెండు గంటలూ తంబురా ఒకే షడ్జాన్ని మోగిస్తూ ఉంటుంది. గ్రహభేదం చూపించినా అది ఒక చమత్కారం, వెంటనే ఇంటికి తిరిగొస్తారు. గాంధారాన్ని సాగదీయవలసిన అవసరం మనకు ఏనాడూ రాలేదు.

అవసరం రాలేదు గానీ హార్మోనియం వచ్చింది. రేడియోలో దాన్ని 1940 మార్చి నుంచి నిషేధించారు. స్థిరమైన మెట్లు, గమకం పలకని గొంతు, సమభాగ శ్రుతి అనేవి ఆరోపణలు. మూడూ నిజాలే. 1971లో కొంత సడలించేదాకా ఆ నిషేధం నడిచింది. అయితే అదే కాలంలో తెలుగు నాట పద్యనాటకం హార్మోనియం లేకుండా తెర ఎత్తలేదు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు పద్యం ఎత్తుకుని చివరి పాదం మీద రాగం తీస్తుంటే పక్కన ఉన్న వాద్యం హార్మోనియమే. ఆ నాటకాలు వింటూ నేను గమనించింది ఒకటుంది. నటుడు పద్యాన్ని మాటకూ పాటకూ మధ్య ఎక్కడో నడిపిస్తాడు. గాంధారం మీద నిలిచినప్పుడు అది ఏ మెట్టు మీదా నిలవదు. మంచి హార్మోనిస్టు అప్పుడు గాంధారం మెట్టు నొక్కడు. షడ్జ పంచమాల మీద ఊరుకుని, గొంతుకు దారి వదిలి, అది దిగాక అందుకుంటాడు. ఆ సంయమనం ఏ పుస్తకంలోనూ రాసి లేదు. కోపమంతా పెట్టె మీద చూపించిన నిషేధం కంటే, పెట్టె లోటు తెలిసి వాయించిన ఆ చెవి నాకు గొప్పదనిపిస్తుంది.

ఇంతవరకూ స్వచ్ఛమైన గాంధారం ఒకటుందని, తక్కినవన్నీ దానికి దగ్గరో దూరమో అన్నట్టు మాట్లాడాను. మన రాగాల్లోకి వస్తే అది కూడా నిలవదు. మోహనలో అంతర గాంధారం తంబురా గాంధారం పక్కన హాయిగా కూర్చుంటుంది. పేరు అదే, మెట్టు అదే, కానీ సురటిలో ఆ గాంధారం మధ్యమాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. మోహన గాంధారాన్ని తెచ్చి సురటిలో పెడితే సురటి చచ్చిపోతుంది. సహానలో అదే గాంధారం కాస్త కిందికి ఒరిగి ఊగుతుంది. తోడిలో సాధారణ గాంధారానికైతే నిలిచే చోటే లేదు. రిషభం వైపు నుంచి మధ్యమం దాకా ఊయలూగే ఆ కదలికే గాంధారం. గౌళ రిషభం, బేగడ నిషాదం, వరాళి మధ్యమం అని స్వరాలను రాగాల ఇంటిపేర్లతో పిలిచే అలవాటు మన విద్వాంసులకు అందుకే ఉంది.

అందువల్ల 22 శ్రుతుల వాదాన్ని నేను సగమే నమ్ముతాను. భరతుడు నాట్యశాస్త్రంలో రెండు వీణలు పెట్టి, ఒకదాన్ని కదపకుండా, రెండోదాన్ని మెట్టు మెట్టుగా దించుతూ చేసి చూపిన ప్రయోగం అద్భుతమైన ఆలోచన. చెవిని తూనికగా వాడడం అంత పూర్వమే తెలిసినవాళ్ళు మనవాళ్ళు. కానీ ఈనాటి కచేరీలో ప్రతి స్వరం ఆ ఇరవై రెండు గళ్ళలో ఏదో ఒకదానిలో పడుతుందని చెప్పేవాళ్ళు తోడి గాంధారాన్ని ఏ గడిలో పెడతారు? ఇరవై రెండు శ్రుతుల హార్మోనియం చేసినా పన్నెండు మెట్ల చిక్కే మళ్ళీ వస్తుంది, గళ్ళు చిన్నవవుతాయి, అంతే.

పనిముట్టుతో రాజీపడడం మనకూ పాతదే. 1550లో విజయనగరంలో అళియ రామరాయల కోరికపై రామామాత్యుడు స్వరమేళకళానిధి రాశాడు. స్వయంభూ స్వరాలను ఆధారం చేసుకుని వీణ మెట్లు ఎక్కడ పడాలో అందులో తేల్చాడు. అంతర గాంధారానికి వేరే మెట్టు వేయకుండా, దాని పక్కనే ఉన్న చ్యుత మధ్యమ గాంధారం మెట్టుకే ఆ పని కూడా అప్పగించాడు. గాంధారం పక్కన గాంధారం పెడితే వాయించడం కష్టమవుతుందని ఎరిగిన మనిషి తీర్పు అది. ఝూ జైయూ లెక్కకు ముప్పై నాలుగేళ్ళ ముందు, మరో దేశంలో, మరో కారణంతో జరిగిన సర్దుబాటు. అయితే వీణకు ఒక వెసులుబాటు ఉంది. బొబ్బిలి పక్క గొల్లపల్లిలో పనస మొద్దు తొలిచి వీణ చేసేవాళ్ళు ఇరవై నాలుగు మెట్లనూ మైనంలో కూరుస్తారు. మైనం వేడిచేసి మెట్టును జరపవచ్చు. జరిపాక కూడా వైణికుడు తీగను పక్కకు లాగి, ఒకే మెట్టు మీద నాలుగు గాంధారాలు పలికించగలడు. మెట్టు ఒక చిరునామా ఇస్తుంది, వేలు దాన్ని దాటిపోతుంది. నేను ఎరిగిన శ్రుతి ఏర్పాట్లలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

గాంధారాన్ని మరెవరెవరు ఎక్కడ ఉంచారో చూద్దాం. బాగ్దాదులో ఎనిమిదో శతాబ్దంలో ఊద్ అనే తంత్రీవాద్యం వాయించిన మన్సూర్ జల్జల్ పేరుమీద ఒక వేలిస్థానం ప్రసిద్ధమైంది. పదో శతాబ్దపు తత్త్వవేత్త అల్ ఫారాబీ దాని కొలత రాసిపెట్టాడు. మన 240 షడ్జానికి అది 294.5 దగ్గర పడుతుంది. సాధారణ గాంధారం కాదు, అంతర గాంధారం కాదు, రెండింటికీ నడుమ. మొదట వినగానే మన చెవి దాన్ని ఇటో అటో లాక్కోవాలని చూస్తుంది. వింటూ పోతే ఆ లాగుడు ఆగిపోతుంది, దాని సొంత రుచి తెలుస్తుంది. 1932లో కైరోలో అరబ్బు సంగీతం మీద పెద్ద మహాసభ జరిగింది. హంగేరీ స్వరకర్త బేలా బార్టోక్ కూడా వచ్చాడు. స్థాయిని 24 సమభాగాలు చేస్తే ఈ గాంధారం కూడా గడిలో పడుతుంది కదా అని కొందరు, పడదని కొందరు వాదించుకున్నారు. పడదన్నవాళ్ళ పక్షమే నాది. రాస్త్ అనే ఒకే మకాంలో, అంటే వాళ్ళ రాగంలో, కైరో గాంధారం ఒకటి, ఇస్తాంబుల్ గాంధారం ఒకటి. తుర్కుల గ్రంథాల్లో కాగితం మీద చూస్తే అది మన తంబురా గాంధారానికి చాలా దగ్గరగా ఉంటుంది. జావాలో గామెలాన్ వాద్యబృందానికి మరో లెక్క. స్లెండ్రో అనే అయిదు స్వరాల శ్రుతిలో స్వరాలు దాదాపు సమదూరంలో ఉంటాయి. మన గాంధారం ఉండవలసిన చోట అక్కడ ఏమీ లేదు. పైగా ప్రతి బృందానికీ తన శ్రుతి తనదే. ఒక ఊరి కంచు పలకలు మరో ఊరి బృందంలో కలవవు, కలపాలని ఎవరూ అనుకోరు కూడా.

హార్మోనియం గురించి దిగులుపడేవాళ్ళకు నేను హ్యారీ పార్చ్ సంగతి చెప్పాలనుకుంటాను. 1901లో పుట్టిన ఈ అమెరికన్, పియానో శ్రుతిలో అప్పటిదాకా తాను రాసిన సంగీతమంతా 1930లో పొయ్యిలో వేసి కాల్చేశాడు. మనిషి మాట్లాడేటప్పుడు గొంతు ఎక్కే దిగే మెలికలను పట్టుకోవాలని ఆయన తపన. పద్యనాటకం నటుడికి పుట్టుకతో వచ్చే పని కోసం ఆయన స్థాయిని 43 స్వరాలుగా, అన్నీ సమానం కాని స్వరాలుగా పేర్చుకున్నాడు. షడ్జం 240 అయితే 280కీ 309కీ మధ్య ఆయనకు ఏడు గాంధారాలు ఉన్నాయి. కీబోర్డుకు అక్కడ రెండే. ఆ స్వరాలు పలికే వాద్యాలు దొరకవు కాబట్టి తానే చేసుకున్నాడు. ప్రయోగశాలలు పారేసిన పెద్ద గాజు సీసాలను కోసి వేలాడదీసి మోగించాడు. అన్నిటికంటే నన్ను కదిలించేది క్రోమెలోడియన్. అది మన హార్మోనియానికి అన్న వరసయ్యే రీడ్ ఆర్గన్. నాలికలన్నీ మార్చి, దానిచేతే 43 స్వరాలు పలికించాడు. పెట్టెను నిషేధించకుండా చదువు చెప్పించాడు.

మరో అమెరికన్ స్వరకర్త లా మాంటే యంగ్ వేరే దారిలో వెళ్ళాడు. తరవాతి కాలంలో కిరానా ఘరానా పండిత ప్రాణనాథ్‌కు శిష్యుడైన ఈయన 1964లో మొదలుపెట్టిన ఒక దీర్ఘమైన పియానో రచనలో అయిదుతో వచ్చే గాంధారాన్ని పూర్తిగా విడిచిపెట్టాడు. దాని బదులు ఏడుతో వచ్చే అంతరాలు పెట్టాడు. అంటే మన లెక్కలో 280, 308.6 దగ్గర పడేవి. తంబురాలో పుట్టే గాంధారాన్ని వద్దనుకోవాలంటే దాన్ని ఎంత బాగా విని ఉండాలో! సింథసైజర్ స్వరకర్త వెండీ కార్లోస్ అయితే 1986 నాటి ఆల్బంలో తారషడ్జాన్నే వదిలేసింది. 78 సెంట్ల మెట్లు పేర్చుకుంటూ పోతే పంచమం, గాంధారం రెండూ చక్కగా కుదురుతాయి, తారషడ్జం మాత్రం ఎక్కడా రాదు. షడ్జం తిరిగి రాని సంగీతం నాకు ఇప్పటికీ పూర్తిగా కొరుకుడు పడలేదు. గాంధారం కోసం ఆమె ఎంత ఇచ్చేసిందో తలచుకున్నప్పుడల్లా గౌరవం పెరుగుతుంది.

ఇవన్నీ ఎక్కడివో వింతలు కావు నాకు. 1997లో వచ్చిన ఆటోట్యూన్, దాని తరవాతి సాధనాలు మన పాటల గొంతులను కూడా పన్నెండు మెట్ల మీదికి లాగుతున్నాయి. జానపదం పాడే గొంతు సహజంగా నిలిచిన చోటును యంత్రం పొరపాటుగా లెక్కగట్టి సరిదిద్దుతుంది. కీబోర్డుతో పాటు నేర్చుకునే పిల్లవాడు 302.4నే గాంధారమనుకుని పెరుగుతాడు, తంబురాలోది కాస్త దిగిందేమో అంటాడు. అది నేను విన్నాను, నొచ్చుకున్నాను.

అయితే ఆ కీబోర్డులోనే మందు కూడా ఉంది. ఎక్కువగా అరబ్బు సంగీతం వాయించేవాళ్ళ కోసం, చాలా కీబోర్డుల్లో స్కేల్ ట్యూనింగ్ అనే అమరిక పెడుతున్నారు. ఒక్కో మెట్టును సెంట్ల లెక్కన పైకీ కిందికీ జరుపుకోవచ్చు. షడ్జం సి మెట్టు మీద పెట్టుకుని, చతుశ్శ్రుతి రిషభాన్ని 4 సెంట్లు పైకి, అంతర గాంధారాన్ని 14 కిందికి, శుద్ధ మధ్యమాన్ని 2 కిందికి, పంచమాన్ని 2 పైకి, చతుశ్శ్రుతి ధైవతాన్ని 16 కిందికి, కాకలి నిషాదాన్ని 12 కిందికి జరపండి. తంబురా మోగించి, శంకరాభరణం స్వరాలను ఒక్కొక్కటే ఆపి ఆపి వాయించండి. గరుకు పోయిన చోటు మీకే తెలుస్తుంది. తరవాత రిషభం, ధైవతం రెండూ కలిపి నొక్కండి. ఆ పంచమం 22 సెంట్లు తక్కువై గీపెడుతుంది. దాన్ని బాగుచేద్దామని ధైవతాన్ని 22 సెంట్లు పైకి ఎత్తితే, గాంధారంతో దానికి చెడుతుంది. హంసధ్వనికి ధైవతమే లేదు కనక ఈ పేచీ రాదు, ఆ అయిదు స్వరాలూ అచ్చంగా కలిసిపోతాయి. మోహనకు నేను ధైవతాన్ని కిందే ఉంచుకుంటాను, గాంధారంతో దాని స్నేహం నాకు ముఖ్యం. కల్యాణికి మాత్రం ఏ ధైవతం పెట్టాలో ఇంకా తేలలేదు. ఒకరోజు ఇది, ఒకరోజు అది పెట్టుకుని వింటున్నాను.